కృపాకర్ గారి బొటనవేలు

చిట్యాలలో కృపాకర్‌కు పని లేదు గానీ పదవులకు కొదవ లేదు. అతని విజిటింగ్ కార్డు మీద ఉపాధ్యక్షుడు అనే మాట మూడుసార్లు ఉంటుంది. ఏ సంఘానికి అని అడిగితే మాత్రం కోపం వస్తుంది. మింగ మెతుకు లేదు, మీసాలకు సంపెంగ నూనె అన్న బాపతు. సభలకు పోతే సంచిలో శాలువా తనే పట్టుకుపోతాడు, కప్పేవాళ్లు మరిచిపోతే వాళ్లకే కదా చెడ్డపేరు!

మొన్న ఆదివారం చర్చిలో పాస్టర్, "తిండి లేకున్నా గొప్పలు చెప్పుకునేవాడి కంటే, పేరు లేకున్నా పని చేసుకుని తినేవాడు మేలు" అన్నాడు. జనమంతా కృపాకర్ వైపు తిరిగారు. ఎవరినబ్బా అంటున్నది అని కృపాకర్ కూడా వెనక్కి తిరిగి చూశాడు.

నెలాఖరు రోజు వచ్చింది. ఇంట్లో బియ్యం నిండుకున్నాయి. రేషన్ ఇవాళ తేకపోతే ఈ నెలది పోయినట్టే. భార్య జ్యోత్స్న కూలి మానుకుని దుకాణానికి పోయి, వేలిముద్రల మిషన్ మీద పది వేళ్లూ పెట్టి చూసింది. పత్తి ఏరి, మిరప కోసి గీతలరిగిన ఆ వేళ్లను మిషన్ గుర్తుపట్టలేదు. రేషన్ కార్డులో ఇక మిగిలింది మొగుడి పేరే.

ఆయన గారు సభలో, వేదిక మీద చివరి కుర్చీలో, మైకు పక్కన ఉన్నారు.

"ఇగో, జల్ది రా. నీ వేలు గావాలె" అంది జ్యోత్స్న, వేదిక ఎక్కి అతని కుర్చీ దగ్గరికే వచ్చి.

"నేను లైన్ల నిలవడాల్నా? నా ఇజ్జత్ ఏం గావాలె?"

"ఇజ్జత్ వండుకుందామా మరి?"

మైకు ఆన్‌లోనే ఉంది. సభంతా విన్నది. కృపాకర్ శాలువా సంచి తీసుకుని దిగక తప్పలేదు.

దుకాణంలో బొటనవేలు ఇట్లా పెట్టాడో లేదో, మిషన్ కుయ్‌మంది. కృపాకర్ మీసం దువ్వాడు. "చూసినవా? నా వేలంటే మిషన్‌కు గూడ గౌరవమే."

వెనక వరుసలో హమాలీ పోశాలు ఉన్నాడు. "ఎందుకుండదన్నా? కొత్త వేలాయె. గిప్పటిదాంక వాడనే లేదు."

వరుసంతా నవ్వింది. జ్యోత్స్న నవ్వలేదు. నున్నబడ్డ తన బొటనవేలిని కొంగుతో తుడుచుకుంటోంది. అది చూసి కృపాకర్‌కు, పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి, సిగ్గేసింది.

సంచిలోంచి శాలువా తీసి చుట్టబట్ట చేసి నెత్తిన పెట్టుకున్నాడు. పోశాలు బియ్యం మూటను దాని మీదికి ఎత్తాడు.

"బరువున్నదా?" అంది జ్యోత్స్న.

పన్నెండు కిలోలే. అయినా మెడ వంగింది.