చెంబుకు ఆనించిన ఫోన్

బళ్లారి గదిలో ఒక్కదాన్నే అన్నానికి కూర్చుంటే మా ఊరు సిరిగేరిలో పక్కింటి పిల్ల గుర్తొస్తుంది. తొమ్మిదో తరగతి చదివేది. సెలవులొస్తే దాని చేతిలోంచి ఫోన్ దిగేది కాదు. తినేటప్పుడు కూడా దాన్ని నీళ్ల చెంబుకు ఆనించి, అందులో ఎవరో భోంచేస్తుంటే చూస్తూ తినేది.

“ఏందే, కంచంలో ఏముండాదో కూడా చూడవా?” అని ఒకరోజు కసిరాను.

“మాయమ్మోళ్లు నాట్లకు పోతే పొద్దుగూకినాకే వస్తారక్కా. ఒక్కదాన్నే తినేకి ముద్ద దిగదు” అంది.

ఇంటికి పోయి, కంచంలో అన్నం పెట్టుకొని వచ్చి, దాని ఎదురుగా కూర్చున్నాను. ఫోన్ తీయమని చెప్పనే లేదు. ఆ పిల్లే దాన్ని బోర్లా పెట్టి, చెంబు నా వైపు జరిపింది.