మూత మీద రాయి

పొద్దున్నుంచి ఇల్లంత ఎల్లిగడ్డ, మిరియాల వాసన. నా బిడ్డ కొనిచ్చిన కరెంటు కుక్కర్‌ల మేకకాళ్ళు ఉడుకుతున్నయి. మెల్లగ ఉడికిస్తదట, పూటంత పడుతదట. ఫోన్ చేతిల పట్టుకుని, అందులో చెప్పినట్టే అన్నీ వేసిన. కొంచెం సేపు కాంగనే చెయ్యి దానంతటదే మూత మీదికి పోయింది. “దయచేసి మూత తీయకండి” అని ఫోన్ల ఎర్రక్షరాలతో రాసున్నది. నవ్వొచ్చింది. ఈ మాట నాకు మిర్యాలగూడల ఒకామె ఎన్నో ఏండ్ల కిందనే చెప్పింది. ఇంత మర్యాదగ మాత్రం చెప్పలే.

ఆమె పేరు సైదమ్మ. ఎనభైలల్ల నాకు టెలిఫోన్ ఆపరేటర్ నౌకరి వచ్చి హైదరాబాద్ నుంచి మిర్యాలగూడ పోతే, రూము కిరాయికిచ్చిన ఇంటామె. పెద్దమ్మా అని పిలిచేదాన్ని. నేను పట్నం పిల్లను. ఎప్పుడు చూసినా చెవి కాడ ఫోను, ముక్కు మీద కోపం. కోదాడ లైన్ కలుస్తలేదని ఎవరన్న గట్టిగ మాట్లాడితే, నేను అంతకంటె గట్టిగ మాట్లాడేది. ఇంటికొస్తే మాత్రం వంట రాదు. కిరోసిన్ స్టవ్ మీద అన్నం మాడ్చుకుని, అరటిపండ్లు తిని పండుకునేది. నేను చిక్కిపోయిన సంగతి ఎవరు చేరేసిన్రో, మా నాన్న ఫోన్ చేసిండు. “ఆదివారం వస్తున్న. నీ చేతి వంట తిని చూస్త. సక్కగుంటే సరే, లేకపోతే నౌకరి వద్దు ఏమొద్దు, నాతోని వచ్చెయ్.” ఆ నౌకరంటే నాకు పాణం. నా కాళ్ళ మీద నేను నిలబడ్డ మొదటి జాగ అది.

“మీ నాయనకేం ఇష్టం?” అని అడిగింది సైదమ్మ.

“పాయా.”

“మేకకాళ్ళా! స్టవ్ మీద పెడితే నీ కిరోసినంత ఖతం. ఊకపొయ్యి మీద పెట్టు.”

చుట్టూ రైసుమిల్లులే కదా, ఆ ఊర్ల ఊకకు కరువులేదు. ఆమె కింద పక్కకు బొక్క ఉన్న రేకుడబ్బా తెచ్చింది. నడిమిట్ల సీసా నిలబెట్టింది, బొక్కలోంచి ఒక కర్ర దూర్చింది, చుట్టూ ఊక పోసి గట్టిగ కూరింది. సీసా, కర్ర మెల్లగ గుంజితే లోపల సొరంగం మిగిలింది. కింద నిప్పు పెడితే ఊక నింపాదిగ రాజుకుంటది, పొద్దున పెడితే మధ్యాహ్నం దాక కాలుతది. శనివారం పప్పు పెట్టి నన్ను నేర్చుకొమ్మన్నది. నేనేమో గడియకోసారి మూత తీసుడు, గిన్నె జరిపి లోపలికి తొంగిచూసుడు. ఆఖరుకు పుల్ల పెట్టి కెలికిన. ఊకంత కూలి సొరంగం మూసుకుపోయింది. ఇంటినిండ పొగ.

సైదమ్మ దగ్గుకుంట ఉరికొచ్చింది. “పుల్ల ఎందుకు పెట్టినవే?”

“మంట కనిపిస్తలేదు పెద్దమ్మా!”

“కనిపియ్యనీకి అదేమన్న సీన్మానా?”

“నీకున్నంత ఓపిక నాకు లేదు!” నేనూ గయ్యిమన్న.

ఆమె నడుం మీద చేతులు పెట్టుకున్నది. “నాకు ఓపికున్నదని నీకెవరు చెప్పిన్రే? వాడకట్టుల అడుగు పో. నల్ల కాడ నా బిందె జరిపినోళ్ళ గతేమైందో చెప్తరు. నా చెయ్యి ఆగదని నాకెరుక. అందుకే మూత మీద రాయి పెట్టి, తలుపుకు గొళ్ళెం పెట్టి బయటికి పోత. ఓపికున్నోళ్ళు పొయ్యి కాడ కూసుంటరు. మన అసొంటోళ్ళు చెప్పులేసుకోవాలె.”

అప్పటిదాక అందరూ నన్ను ఓపిక పట్టుమన్నోళ్ళే. లేని ఓపికతోని ఎట్ల బతకాల్నో చెప్పిన మొదటి మనిషి ఆమె.

ఆదివారం పొద్దున ఊక నేనే కూరిన. పాయా పెట్టి మూత మీద రాయి పెట్టంగనే సైదమ్మ నా రెక్క పట్టుకుని బజారుకు గుంజుకపోయింది. “ఒక్కసారి చూసొస్త పెద్దమ్మా” అంటే “నడువ్” అన్నది. ఇద్దరం కలిసి గాజులాయనతోని బేరం కాడ ఎంత కొట్లాడినమంటే, నాకిగ పొయ్యే యాదికి లేదు. ఆయన చేతులు జోడించి, “మీ తల్లీబిడ్డలకో దండం, తీస్కపోండి” అన్నడు. సైదమ్మ నేను బిడ్డను కాదని చెప్పలే.

అక్కడ్నుంచి అట్లనే బస్టాండుకు పోయినం. మా నాన్న ఖాళీ సూట్‌కేసుతోని దిగిండు. “ఇదెందుకు నాన్నా?” అంటే, “నీ బట్టలకు” అన్నడు.

ఇంటికొచ్చి రాయి తీసిన, మూత తీసిన. ఆ వాసనకు సైదమ్మే ఒక అడుగు ముందుకేసింది. మాంసం బొక్కను దానంతటదే వదులుతున్నది. నాన్న జొన్నరొట్టె తుంచి ముంచుకుని తిన్నడు. ఆగిండు. నా మొఖం చూసిండు.

“ఉప్పేది బిడ్డా?”

మర్చిపోయిన! సైదమ్మ ఉప్పుడబ్బా తెచ్చి ఆయన ముంగట ఠక్కున పెట్టింది. “ఉప్పు పైనుంచి ఏసుకోవచ్చు అన్నా. ఉడుకుడు పైనుంచి ఏసుకుంటమా?”

నాన్న పగలబడి నవ్విండు. ఉప్పు కలుపుకుని, ఇంకింత పోయించుకుని, గిన్నె తుడిచి తిన్నడు. చెయ్యి కడుక్కుని పొయ్యి ముంగట గొంతుక్కూసున్నడు, లోపలికి తొంగిచూసుకుంట. “మీ అమ్మ కిరోసిన్ లైన్ల నిలబడలేక సస్తున్నది” అన్నడు.

సాయంత్రం బస్సెక్కేటప్పుడు ఆయన సంకల సైదమ్మ ఇచ్చిన రేకుడబ్బా, చేతిల సూట్‌కేసు. కండక్టర్ “ఏమున్నది సార్ అందుల?” అని అడిగితే, “బిడ్డను తీస్కపోదామని వచ్చిన, ఊక తీస్కపోతున్న” అన్నడు. బస్సంత నవ్వింది.

తర్వాత ఎక్స్ఛేంజిల కోపం నెత్తికెక్కినప్పుడల్ల హెడ్‌సెట్ తీసి అక్కడ పెట్టి, అట్ల బయటికి పోయొచ్చేది. పెండ్లయినంక ఇంట్ల కూడ అంతే. వాకిట్ల నా చెప్పులు లేవంటే మా ఆయన నన్ను లెంకేటోడు కాదు, నేనే వస్తనని ఆయనకెరుక.

ఇప్పుడు కూడ పూలకుండీలోంచి గులకరాయి ఒకటి తీసి, కడిగి, కుక్కర్ మూత మీద పెట్టిన. ఫోన్ దాని పక్కన పడేసిన.

“కరెంటు కుక్కర్ మీద రాయేందమ్మా?” అని నవ్వుకుంట వచ్చిన నా బిడ్డ, లోపలేముందో చూద్దామని అప్పుడే మూత మీద చెయ్యేసింది.

దాని చేతి మీద ఒక్కటేసిన. “చెప్పులేస్కో, బజారుకు పోదాం.”