టవర్ స్పీకర్లూ, నా కిటికీ మూలా

మా ఆయనకు ఒక కొత్త జబ్బు పట్టుకుంది. పొద్దున లేచి మొహం కడుక్కోకముందే ఫోన్లో స్పీకర్లు కొన్నవాళ్ల అభిప్రాయాలు చదవడం. చదివి ఊరుకుంటాడా? నేను దోసె తిరగేస్తుంటే వంటింటి గడపలో నిలబడి గట్టిగా వినిపిస్తాడు.

"ఈయన రాసినాడు చూడుమే, పాడే మనిషి పక్కన కూర్చోనున్నట్లు ఉందంట. ఇంకొకాయన, బేసు కడుపులో తగుల్తాందంట!"

"కడుపులోకి ముందు దోసె పోనీ. చల్లారిపోతాంది," అంటాను నేను.

అవి నేల మీద నిలబడే స్పీకర్లు. జతగా వస్తాయి, ఒక్కొక్కటి మనిషి నడుం దాకా ఉంటుంది. అంగళ్లలో టవర్ స్పీకర్లంటారు. మా ఆయన ప్రొద్దుటూరులో ఒక బంగారు అంగట్లో తూకం దగ్గర కూర్చుంటాడు. గాలికి త్రాసు కదులుతుందని ఫ్యాను ఆపించి చెమటలు కార్చుకునే మనిషి. అలాంటి మనిషికి పిచ్చి పట్టినా అది కొలతల ప్రకారమే పడుతుంది.

నేను ఇంట్లోనే జాకెట్లు కుడతాను. మా హాల్లో వీధి కిటికీ కింద నా మిషను. నేను కాపురానికి వచ్చినప్పటి నుంచీ అది అక్కడే ఉంది. వెలుతురు ఎడమ వైపు నుంచి పడుతుంది కాబట్టి దారం ఎక్కించడానికి లైటు అక్కర్లేదు. వీధిలో పోయే ఆడవాళ్లు ఊచల్లోంచే గుడ్డలిచ్చి, మెడ ఎంత దించాలో చెప్పి, నాలుగు మాటలు మాట్లాడి పోతారు. ఎవరింట్లో ఏ సంబంధం కుదిరినా, ఎవరి కోడలు అలిగినా ముందు ఆ కిటికీకే తెలుస్తుంది. ఇంట్లో ఇది నాది అని నేను చెప్పుకునేది ఆ మూల ఒక్కటే.

ఆ స్పీకర్లకు కావలసింది సరిగ్గా ఆ మూలేనట!

"రెండూ ఆ గోడకే పెట్టాల. రెండిటికీ మధ్యన ఇంత, గోడకు ఇంత, తేడా రాగూడదు," అంటూ ఆయన నా టేపు తీసుకునే కొలుస్తుంటే నాకు ఒళ్లు మండింది.

"నా మిషను యాడికి పోతాది?"

"మిద్దె మీద రేకుల రూముంది కదా."

"ఆ రూములో నువ్వు పో. మిషను కదిల్చినావంటే నేను ఊరుకోను, చెప్తాండా."

అప్పటికి ఆ మాట అక్కడ ఆగింది. ఎందుకంటే చెవులతో వినకుండా కొనే ధైర్యం ఆయనకు లేదు. ఫోన్లో స్పీకర్ల పిచ్చి ఉన్నవాళ్లదొక గుంపు ఉంది. అవే స్పీకర్లు కొన్నవాళ్లు మన వైపు ఇద్దరు తేలారు, జమ్మలమడుగులో ఒకరు, పులివెందులలో ఒకరు. ఒక ఆదివారం బండి మీద బయలుదేరాం. పెళ్లిచూపులకు పోతున్నట్టు ఆయన ఇస్త్రీ చొక్కా కూడా వేసుకున్నాడు. ఇంటామె వెంట ఉంటే వాళ్లు లోపలికి పిలిచి కూర్చోబెడతారని నన్నూ రమ్మన్నాడు. నేను వేరే లెక్కతో పోయాను. ఆ ఇళ్ల ఆడవాళ్ల నోటితో "వద్దు తల్లీ, ఒకటే నెత్తినొప్పి" అనిపించి, ఈయన పిచ్చి దారిలోనే కుదర్చాలని.

జమ్మలమడుగాయన కువైట్లో చాలా ఏళ్లు ఏసీ మెకానిక్కుగా చేసి వచ్చిన సాయిబు. మర్యాదస్తుడు. హాల్లోకి తీసుకుపోయి "ఇవేనన్నా" అన్నాడు. చూస్తే స్పీకర్లు కనబడవు! మెరూన్ రంగు వెల్వెట్టు తొడుగులు, అంచుకు జరీ లేసు, రెండు పట్టు పరికిణీలు నిలబడి ఉన్నట్టున్నాయి. ఫ్రిజ్జుకూ అదే వెల్వెట్టు, మిక్సీకీ అదే.

"భాయ్, తొడుగు తీసి వినిపిస్తారా?" అన్నాడు మా ఆయన.

"ఎందుకన్నా తీసేది? మా ఊర్లో గాలి కంటే నాపరాళ్ల దుమ్మే జాస్తి. ఇట్లే వినండి. సౌండు శానా మెత్తగుంటాది. ఎంత పెంచినా చెవులు నొయ్యవు."

మెత్తగా ఉండదా మరి, వెల్వెట్టు లోపలి నుంచి పాడుతుంటే! పాడే ఆయన జలుబుతో దుప్పటి కప్పుకున్నట్టు వినిపిస్తోంది. నేను పైట కొంగు నోట్లో కుక్కుకున్నాను. ఆ ఇంటామె నా చెయ్యి పట్టుకుని తొడుగు అంచు తిప్పి చూపించింది.

"నేనే కుట్టినా అక్కా. లోపల లైనింగు కూడా ఏసినా."

లైనింగు కూడానట! మా ఆయన మొహం చూడాలి అప్పుడు. ఆమె కుట్టు మాత్రం అచ్చు గుద్దినట్టుంది, ఎక్కడా వంకర పోలేదు. నేను మెల్లగా నా సంగతికి వచ్చాను.

"రోజంతా ఈ మోతకు నెత్తినొప్పి రాదా?"

"నెత్తినొప్పి యాడిదక్కా? ఆయన కువైట్లో ఉన్నన్నాళ్లు ఈ ఇంట్లో సప్పుడే లేదు. ఇప్పుడు ఎంత మోగినా మోగనీ."

ఆ ఇంట్లో నా లెక్క తప్పింది. ఆమె ఇచ్చిన టీ తాగి లేచాను.

ముద్దనూరు మీదుగా పులివెందుల చేరేసరికి ఎండ బాగా ఎక్కింది. అక్కడాయన చీనీ తోట రైతు, బత్తాయిలను మా వైపు చీనీకాయలంటారు. మా నాయన వయసువాడు. తోటలోనే ఇల్లు. ఈయన స్పీకర్లకు తొడుగులు లేవు. ముందరి జాలీలు కూడా లేవు, ఊడదీసి అటక మీద పెట్టారట. మా ఆయన సంతోషంగా ముందుకు వంగి చూసి, అలాగే ఉండిపోయాడు. మోత వచ్చే ప్రతి గుండ్రానికీ నడిమధ్యన గంధం, దాని మీద కుంకుమ బొట్టు!

"ఆయుధపూజకు పెడ్తిమి అప్పా," అన్నాడు ఆ పెద్దాయన. "ట్రాక్టరుకు పెడ్తిమి, బోరు మోటారుకు పెడ్తిమి, దీనికి మాత్రం పెట్టకుంటే ఎట్లా?"

అన్నిటికంటే పైన చొక్కా గుండీ అంత చిన్నది ఒకటి ఉంటుంది. సన్నని మోతలన్నీ దాని పని. దాన్ని తాకకూడదని, ఊపిరి కూడా తగలకూడదని మా ఆయన నాకు ఎన్నిసార్లు పాఠం చెప్పాడో. ఆ గుండీ మీద పెద్దాయన బొటనవేలు గట్టిగా దిగి, లోపలికి సొట్ట పోయింది. రెండో దాంట్లోనూ అంతే. మా ఆయన తాకకుండా దూరం నుంచే వేలు చూపించాడు.

"మామా, ఇది... లోపలికి పోయింది కదా?"

"పోనీలే అప్పా. బొట్టు పెట్టినంక కీచుమనే గోల తగ్గింది. అంతకు ముందు శానా అరిచేటివి."

ఆయన అభిప్రాయం అది! నేను తోట చూస్తానని చెప్పి బయటికి పరిగెత్తి, చీనీ చెట్టు చాటున కడుపు పట్టుకుని నవ్వాను. మళ్లీ లోపలికి వచ్చేసరికి పెద్దాయన వాళ్ల ఊరి చెక్కభజన పెట్టాడు. ఎవరో ఫోన్లో పట్టిందట. ఆయన కళ్లు మూసుకుని ఎడమ స్పీకరు వైపు వేలు చూపించాడు.

"ఈ పక్క కొడ్తాండేది నేను. ఆ పక్క మా తమ్ముడు. ఇప్పుడు చూడు, మేమిద్దరం ఎదురెదురుగా వస్తాం."

నిజంగానే చెక్కల చప్పుడు అటు నుంచీ ఇటు నుంచీ నడిచి వచ్చి మధ్యలో కలిసింది! పెద్దాయన కూర్చున్నచోటే పాదం ఆడిస్తూ "హా!" అన్నాడు. నాకూ కాలు ఆడింది, ఎందుకు అబద్ధం చెప్పాలి? ఆయన భార్యను పక్కకు పిలిచి అడిగితే, "బాగనే ఉండాయిలేమ్మా, పైన ఊరగాయ జాడీలు పెట్టుకునేదానికి ఎత్తు సరిపోయింది," అంది.

ఒక సంచి నిండా చీనీకాయలు మా ఇద్దరి మధ్యా ఇరికించుకుని తిరిగి వచ్చాం. లైనింగు అని నేను, బొట్టు అని ఆయన, ఒకరు ఆపితే ఒకరు. నవ్వలేక ఒకచోట బండి ఆపేశాడు. ఇలాంటి అభిప్రాయాలు విన్నాక ఎవరైనా కొంటారా? ఈయన కొన్నాడు!

పార్సిలు వచ్చిన వారం నేను ఖాజీపేటలో మా చెల్లెలి కొడుకు పుట్టెంట్రుకలకు పోయాను. తిరిగి వచ్చి తలుపు తీస్తే కిటికీ కింద నా మిషను లేదు. నల్లగా, నున్నగా రెండు స్తంభాలు. హాలంతా ఊడ్చి, కడిగి, నా గుడ్డల మూటలన్నీ మిద్దె ఎక్కించి పెట్టాడు.

"ఒక్కమాట అడిగినావా నన్ను?"

"అడిగితే వద్దంటావు కదా," అన్నాడు. అంత నిజం చెప్పే మనిషిని ఏం చేయాలి చెప్పండి! ఆ పూట పప్పులో ఉప్పు వేయలేదు. కావాలనే వేయలేదు.

రేకుల రూములో కూర్చుని కుట్టడం మొదలుపెట్టాను. మధ్యాహ్నానికి ఒళ్లు ఉడికిపోయేది. జాకెట్లకు వచ్చినవాళ్లు వీధిలో నిలబడి "అక్కా! యాడుండావు?" అని అరిచేవాళ్లు. మోకాళ్ల నొప్పులవాళ్లు మెట్లు చూసి వెనక్కి పోయేవాళ్లు. రానురాను అరుపులు కూడా తగ్గాయి. పక్క వీధిలో ఇంకొకామె మిషను పెట్టిందట, అటు పోతున్నారట. ఆ సంగతి కూడా నాకు రెండు వారాలు ఆలస్యంగా తెలిసింది. నాకు భయం వేసింది. ఇన్నేళ్లు కట్టుకున్న పేరు ఇలా మెట్ల మీద జారిపోతుందా అని కుళ్లి కుళ్లి ఏడ్చాను కూడా.

కింద ఈయన బతుకు అంతకంటే అన్యాయం. స్పీకర్లు పాడుతున్నాయి గానీ హాలు గిన్నెలా మోగుతోంది. ప్రతి మాటకూ తోక వస్తోంది. టేపు పట్టి అంగుళం ముందుకు, అంగుళం వెనక్కి జరిపాడు. జమ్మలమడుగుకు ఫోను చేస్తే "తొడుగులు కుట్టించన్నా" అన్నాడాయన. పులివెందులకు చేస్తే "బొట్టు పెట్టినారా?" అని అడిగాడు పెద్దాయన. ఈయన మెట్లెక్కి వచ్చి, నా మొహం చూడకుండా, వెల్వెట్టు తొడుగులు కుట్టి ఇస్తావా అని గొణిగాడు.

"పక్క వీధిలో కొత్తగా ఒకామె కుడ్తాందంట. ఆడికి పో," అన్నాను.

ఇంకొకరోజు "అమ్మేస్తాలే" అన్నాడు. అప్పుడు వచ్చింది నాకు అసలు కోపం. అమ్మేదానికా నా మూల పెరికినావు అని వీధంతా వినేలా అరిచాను.

ఆ సాయంత్రమే వాన పట్టుకుంది. చిన్న వాన కాదు. రేకులకు కొట్టిన మేకుల సందుల్లోంచి నీళ్లు ధారలు కట్టాయి. మూటల నిండా ఊరివాళ్ల పట్టు చీరలు! నేను ఉరుకులు పరుగులుగా మూటలు మోసుకుని హాల్లోకి తెచ్చి పడేశాను. సోఫా మీద కొన్ని, నేల మీద కొన్ని, కుర్చీల మీద బొంతలు. కిటికీ ఊచకూ తలుపు గడియకూ తాడు కట్టి తడిసిన చీరలు ఆరేశాను. ఈయన పాట పెట్టుకుని తల పట్టుకుని కూర్చున్నాడు, లేచి ఒక మూట అందుకుందామని లేదు. నేను తిట్టబోతుండగా తలెత్తాడు.

"ఏం జేసినావు?"

"నీ తలకాయ జేసినా! వాన పడ్తాంటే కనపళ్లేదా?"

"కాదుమే. విను. మోత పోయింది! ఆ మూట తియ్యి... వచ్చింది. పెట్టు... పోయింది! గుడ్డలు! నీ గుడ్డలే!"

తాడు మీది ఎవరిదో గద్వాల చీర కిందికి దూరి అటు, దాని పక్క చీర కిందికి దూరి ఇటు, గంతులేస్తున్నాడు. తూకం దగ్గర దగ్గడానికి కూడా ఆలోచించే మనిషి! నాకు కోపం నిలబడలేదు. నవ్వుతూనే నేనూ మూటలు తీసి పెట్టాను, పెట్టి తీశాను. వానకు పిచ్చిపట్టిన రెండు మేకపిల్లల్లా ఉన్నాం.

"ఇవి ఈడనే ఉండనీ," అన్నాడు ఆయాసపడుతూ.

నేను మూట మీద కూర్చున్నాను. "గుడ్డలు ఊరికే ఉండవు. గుడ్డలుండే చోట మిషనుంటాది. అది కిటికీ కిందుంటాది. అట్లయితేనే."

ఆయన కిటికీ కిందున్న స్పీకరును చూశాడు. టేపును చూశాడు. తర్వాత ఆ స్పీకరును రెండు చేతులా కావలించుకుని, మెల్లగా నడిపించుకుంటూ పోయి బీరువా పక్కన పెట్టాడు. దానికీ రెండో దానికీ గోడ దూరం సమంగా లేదు, చూసేవాళ్లకే తెలిసిపోతుంది. ఆయన కొలవలేదు. వానలోనే మిద్దెక్కి, ముందు మిషను తలను చొక్కాలో చుట్టి దించాడు, తర్వాత ఇనుప స్టాండు. బనీను తడిసి ఒంటికి అతుక్కుపోయింది. మిషను కిటికీ కింద నిలబెట్టి, తన తువ్వాలుతో దాన్ని తుడిచాకనే తన తల తుడుచుకున్నాడు.

పాట మళ్లీ మొదటి నుంచి పెట్టాడు. నేను మిషను ముందు నా ముక్కాలి పీట మీద కూర్చున్నాను.

"నీకెట్లుందిమే?"

"ఏంది?"

"సౌండు. నీకెట్ల వినపడ్తాంది?"

చెవి పెట్టి విన్నాను. "చరణం ఎత్తుకునే ముందు ఆయమ్మ ఊపిరి పీల్చుకుంటాంది. పాపం, శానా దూరం నడిచొచ్చినట్లుంది."

"యాడ?"

వెనక్కి తిప్పి పెట్టాడు. "ఇదో, ఈడ," అన్నాను. చిన్నప్పటి నుంచీ ఆయన పాడుకునే పాట అది. ఆ ఊపిరి ఎప్పుడూ వినలేదట. నోరు తెరుచుకుని నా వైపు చూశాడు. నాకు కళ్లలో నీళ్లు వచ్చాయి. ఎందుకు దాచాలి, చాలా సంతోషంగా ఉంది నాకు.

అప్పుడే వీధిలో గొడుగొకటి ఆగింది. ఊచల దగ్గరికి వచ్చి ఎదురింటామె లోపలికి తొంగిచూసింది.

"అక్కా! కిందికి దిగి వచ్చినావా?"

"వచ్చినా, వచ్చినా. ఏంది సంగతులు?" అన్నాను కిటికీకి జరిగి.

మేము మాట్లాడుకోవడానికి ఆయన లేచి వెళ్లి సౌండు తగ్గించాడు.