తక్కువ జట్టుకు మంచి మేనేజరు

1959లో నేను పెద్దపల్లి సర్కారు హైస్కూల్లో డ్రిల్ మాస్టరును. ఆ చలికాలం గోదావరి ఒడ్డున ఒక బొగ్గు గనుల కాలనీలో జరిగే వాలీబాల్ పోటీలకు నన్ను అంపైరుగా డెప్యుటేషన్ మీద పంపారు. ఒక్కో గనికి ఒక్కో జట్టు, ఆదివారాల్లో ఆటలు. అంపైరు పనితో పాటు, ఆ సీజనుకు ఉత్తమ మేనేజరును ఎంపిక చేసే కమిటీకి కార్యదర్శిని కూడా నన్నే చేశారు. పిల్లల చేత కవాతు చేయించుకునే వాడికి అది చిన్న గౌరవం కాదు. కాలరు సవరించుకుని మరీ వెళ్లాను.

మేనేజరు ఆట ఆడడు, జట్టును నడుపుతాడు. ఎవర్ని దింపాలి, ఎవర్ని ఎప్పుడు మార్చాలి, ఆటగాడికి షిఫ్టు మార్పించాలంటే ఏ అధికారిని బతిమాలాలి, అన్నీ అతని తలనొప్పులే. అప్పటిదాకా కప్పు గెలిచిన జట్టు మేనేజరుకే ఆ బహుమతీ ఇచ్చేసేవారు. నాకది నచ్చలేదు. మెరికల్లాంటి ఆటగాళ్లు దొరికితే ఎవడైనా గెలిపిస్తాడు. చేతికి ఎలాంటి ఆటగాళ్లు వచ్చారు, వాళ్లతో ఎంత దూరం వెళ్లాడు అన్నది చూడాలని కమిటీలో వాదించాను. మిగతా ఇద్దరూ గని అధికారులు. ఆట తెలిసినవాడివి, నీ ఇష్టమన్నారు. ఆ వాదన తప్పని ఈనాటికీ అనుకోను.

ఆ లెక్కన చూస్తే నాకు ఒక్కడే కనిపించాడు, దేవదానం. గనిలో సర్దార్, అంటే భూమి లోపల ఒక ముఠా కూలీల భద్రత చూసుకునే మేస్త్రీ. మిషను చర్చికి వెళ్లే కుటుంబం. అతని గని చిన్నది. ఆడటానికి ముందుకొచ్చేవాళ్లే తక్కువ, ఒకరిద్దరు మానుకుంటే జట్టే ఉండదు. ఆ జట్టు చెదరకుండా నిలబడితే చాలని అతని తాపత్రయం. పొడగరి ఒక్కడూ లేడు. బొగ్గు టబ్బులు తోసే మారుతి అయితే, ఆదిలాబాద్ వైపు నుంచి వచ్చిన మరాఠీ మనిషి, మొదట్లో బంతి మీదికొస్తే కళ్లు మూసుకునేవాడు.

దేవదానానికి ఒక పట్టుదల ఉండేది. బయట కూర్చున్న వాళ్లందర్నీ ప్రతి ఆటలోనూ కాసేపైనా దింపాల్సిందే. దానివల్ల చేతికొచ్చిన సెట్టు పోయినా సరే. ఇదేం చాదస్తమయ్యా అని అడిగాను.

"గనిలకు దిగినంక ఎవడు ఎక్కువ, ఎవడు తక్కువ మాస్టర్ సాబ్? పైకప్పు కూలితె అందరి మీద పడ్తది. నా జట్టుల ఎక్స్‌ట్రా మనిషి లేడు" అన్నాడు.

ఆ మాట విన్నాను, మెచ్చుకున్నాను, నా చెవి దగ్గరే ఆపేశాను.

ఆ జట్టు ఫైనలు దాకా వచ్చింది. ఫైనల్లో ఓడింది, అయినా మారుతి నెట్ దగ్గర కళ్లు తెరుచుకునే కొట్టాడు. బహుమతుల సభకు కాలనీ అంతా తరలివచ్చింది. మారుతి ఆట చూడటానికి ఊరి నుంచి వచ్చిన అతని భార్య ముందు వరసలో కూర్చుంది. నేను మైకు పట్టుకున్నాను. నా పద్ధతి ఎంత న్యాయమైందో అందరికీ విడమరిచి చెప్పాలని ఉబలాటం. ఈ జట్టులో చెప్పుకోదగ్గ ఆటగాడు ఒక్కడూ లేడన్నాను. మారుతి కళ్లు మూసుకోవడం కూడా చెప్పాను, అభినయించి మరీ. జనం గొల్లున నవ్వారు. అలాంటి వాళ్లతో ఇంత దూరం వచ్చాడు కాబట్టి దేవదానమే ఉత్తమ మేనేజరని ప్రకటించాను.

దేవదానం వేదిక ఎక్కాడు. నేను అందించిన బహుమతి వైపు చెయ్యి చాపలేదు. మైకుకు వినపడకుండా నాతో అన్నాడు:

"నా పోరలు తక్కువోళ్లయితెనే నేను మంచోణ్ణయితనా, మాస్టర్ సాబ్? గట్లయితె నాకు గిది వద్దు."

దండం పెట్టి దిగిపోయాడు. నాకు తల కొట్టేసినట్టయింది. ముందు వరసలో మారుతి భార్య కొంగు సర్దుకుంటూ నేలచూపులు చూస్తోంది. జనం అప్పటికీ నవ్వుతూనే ఉన్నారు.

మర్నాడు దేవదానం ఇంటికి వెళ్లాను. కోప్పడలేదు, చాయ్ పోయించాడు. "నాకేం చెప్తరు సార్, మారుతికి చెప్పుండ్రి" అన్నాడు. మారుతి క్వార్టరుకు వెళ్లి, నీ ఆటను తక్కువ చేయాలని నా ఉద్దేశం కాదని నసిగాను.

"నేను మంచిగనే ఆడుతున్న అనుకున్న సాబ్" అన్నాడు మారుతి.

సిగ్గుతో చెప్పులు తొడుక్కుని వచ్చేశాను. మారుతి మళ్లీ మైదానం వైపు రాలేదు. అతన్ని చూసి ఇంకొకరు మానుకున్నారు. మరుసటి ఏడు ఆ గని నుంచి జట్టే రాలేదు.

ఆ తర్వాత కూడా అలాంటి కమిటీల్లో కూర్చున్నాను. పద్ధతి మార్చలేదు. కానీ జట్టుకు ఏం చేతకాదో మైకులో ఎన్నడూ చెప్పలేదు. మేనేజరును తూచాలంటే ముందుగా అతని ఆటగాళ్లు తమ గురించి తాము ఏమనుకుంటున్నారో కనుక్కోవాలి. దేవదానం జట్టులో అందరూ తాము మంచి ఆటగాళ్లమనే అనుకున్నారు, నేను మైకు పట్టుకునే దాకా.