రంగులమ్మ పక్కచూపు

వెలిసిపోయిన బట్ట ఏది తెచ్చిచ్చినా కొన్ననాటి రంగు తెప్పించి పంపడం రంగులమ్మ పని. నలభై ఏళ్లు రంగు తొట్ల దగ్గర నిలబడ్డ మనిషి. తన పనంటే ఆవిడకు ఇంతింత కాదు గర్వం. ఉండదూ మరి! ఆ గర్వం ఆవిడకు నప్పేది కూడా.

అలాంటి మనిషికి కళ్లు ఎదురు తిరిగాయి. కంటి వెనక పొర నడిమధ్య దెబ్బతిని, చూపు మధ్యలో మచ్చ పడింది. ఎవరివైపు చూసినా మొహం ఉండాల్సిన చోట మచ్చే. కోడలు ఆ తర్వాతే ఇంటికొచ్చింది కాబట్టి, ఆ పిల్ల మొహం ఎలా ఉంటుందో అత్తగారు ఏనాడూ సరిగ్గా చూడలేదు. అది చాలదన్నట్టు శుక్లాలు కూడా కమ్మి, లోకమంతా టీ నీళ్లలో ముంచి తీసినట్టయింది. గత్యంతరం లేక తొట్లు కోడలికి అప్పగించింది. నోరు మాత్రం తన దగ్గరే ఉంచుకుంది.

"ఇది నీలమా? బురదలా ఉంటేనూ! దుకాణం పరువు తీస్తున్నావే!" అంటూ రోజూ సాధింపే. కోడలు పల్లెత్తు మాట అనేది కాదు. బట్టలు తెచ్చేవాళ్లు తగ్గకపోతే, వాళ్లంతా తన మీద జాలితో వస్తున్నారనుకుని రంగులమ్మ కుమిలిపోయేది. పేరు పూర్తిగా పోకముందే మళ్లీ తొట్ల దగ్గర నిలబడాలని ఆవిడ పంతం.

కంటి డాక్టరమ్మ ఉన్నదున్నట్టు చెప్పింది. "శుక్లం తీస్తే మసక పోతుందండీ, రంగులు తేటపడతాయి. మధ్యలో మచ్చ మాత్రం పోదు. మొహాలు, అక్షరాలు కష్టమే."

"ఆ మాత్రానికి ఆపరేషన్ ఎందుకమ్మా?" అని కొడుకు నసిగాడు.

"మీ మొహాలు చూసింది చాల్లేరా. నా రంగులు నాకు ఇప్పించమను!" అంది.

ఆపరేషన్ అయింది. కట్టు విప్పగానే కొడుకు ఎదురుగా నిలబడి, "కనిపిస్తున్నానా అమ్మా?" అని అడిగితే, ఆవిడ చటుక్కున మొహం పక్కకు తిప్పేసుకుంది. కనిపించలేదేమోనని కొడుకు పక్కకు జరగబోయాడు.

"కదలకురా! తిన్నగా చూస్తే లేవు, పక్కనుంచి చూస్తే ఉన్నావు. ఆ చొక్కా రంగేమిట్రా, అలా కళ్లలో పొడుస్తోంది?"

కొడుక్కి నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి.

కాస్త కుదుటపడగానే రంగులమ్మ పెరట్లోకి నడిచింది. దండేల నిండా బట్టలు ఆరుతున్నాయి. "ఏం తగలేసిందో చూద్దాం" అని గొణుక్కుంటూ ఒక్కో బట్ట ముందూ ఆగి, దాని మీద అలిగినట్టు మొహం తిప్పి చూసింది. ఎరుపు, ఆకుపచ్చ, చివర్న నీలం. ఎక్కడా మరక లేదు, ఒకచోట ముదురూ ఒకచోట లేతా లేదు. నీలం దగ్గర చాలాసేపు నిలబడిపోయింది. కోడలు తొట్టి దగ్గర్నుంచి తడి చేతులతోనే వచ్చి నిలబడింది.

"ఎవరేశారే ఇవి?"

"నేనే అత్తయ్యా."

"అన్నీనా?"

"అన్నీ."

ఈసారి రంగులమ్మ నోట తిట్టు రాలేదు. ఆ ఇంట్లో ఎవరూ ఎరగని వింత అది. కోడలి తడి చేతులు రెండూ పట్టుకుంది.

"నీ మొహం నాకు తిన్నగా ఎప్పటికీ కనిపించదట తల్లీ. పోనీలే. నీ పని చూశాను. నాకంటే బాగా వేస్తున్నావే!"

కోడలు కళ్లొత్తుకుంటూ, "నెమ్మదిగా అత్తయ్యా, వీధిలోకి వినిపిస్తోంది" అంది.

"వినిపించాలనే కదే అరుస్తున్నాను!"