పుల్లీకి చుట్టిన పట్టుదారం

బాండ్లిలో వేరుశనగ విత్తనాలు వేయించేటప్పుడు, మంట తగ్గించగానే ఒక రకం చిటపట మొదలవుతుంది. మెల్లగా, ఆగి ఆగి వస్తుంది. పాత రికార్డు మీద సూది దించాక, పాట మొదలయ్యేలోపు వినిపించే చప్పుడు అచ్చం అదే. ఈ రోజు ఆదివారం. పొద్దున్నే ఈ విత్తనాలు వేయిస్తున్నది కూడా రికార్డులు వినేచోటికి తీసుకుపోవడానికే. చిటపట వినగానే గరిటె తిప్పడం మరిచిపోయి, పాట ఎప్పుడొస్తుందా అని నిలబడ్డాను. ఒక వైపు మాడిన విత్తనాలు ఏరి పక్కన పెట్టాల్సి వచ్చింది. ధర్మవరంలో జాజ్ సంగీతం ఏమిటి, దాని కోసం ఆదివారం పొద్దున విత్తనాలు మాడ్చుకునే మనుషులేమిటి అని ఎవరైనా అడిగితే, భూషణన్న గురించి చెప్పడం తప్ప నాకు వేరే దారి లేదు.

ఆయన అసలు పేరు నాగభూషణప్ప. పట్టుచీరల అంగడి ఆయనది. మగ్గం గుంతలో కాళ్లు పెట్టి పెరిగిన మనిషి, తర్వాత అంగట్లో చీరలు పరిచి చూపే పరుపు మీదికి వచ్చాడు. వయసులో మా నాయన కంటే పెద్ద, అయినా ఊరంతటికీ అన్నే. పెళ్లయిన కొత్తలో బెంగళూరులో ఒక అంగడికి చీరలు వేయడానికి పోయినప్పుడు, ఆ పక్కింటి ముసలాయన ఒకరు ఇల్లు ఖాళీ చేస్తూ, పెట్టెడు రికార్డులూ ఒక ప్లేయరూ ఈయన చేతిలో పెట్టి, పాటలు వినుకో అన్నాడట. కన్నడ సినిమా పాటలనుకుని, రైల్లో ఒళ్లో పెట్టుకుని తెచ్చుకున్నాడు. ఇంటికొచ్చి పెడితే మాట లేదు, పల్లవి లేదు, ఎవరో బాకా ఊదుతూ ఊదుతూ పకపకా నవ్వినట్టుంది. ఆయన భార్య లక్ష్మీదేవక్క వంటింట్లోంచి తొంగిచూసి, "దీనికి మాటలు రావా?" అని అడిగి మళ్లీ పనిలో పడింది. భూషణన్న మాత్రం ఆ నవ్వు దగ్గరే ఉండిపోయాడు.

నేను కనగానపల్లికి వ్యవసాయాధికారిగా కొత్తగా వచ్చి, ధర్మవరంలో ఆయన మేడ మీది వాటాలో అద్దెకు దిగాను. అంగడి వెనకున్న పెద్ద గదిలోంచి ఆదివారం ఉదయాల్లో వచ్చే మోతకు నిద్ర పట్టేది కాదు. వారమంతా చేలగట్ల మీద తిరిగే మనిషిని కదా, కాస్త సౌండు తగ్గించమని చెబుదామని ఒకరోజు కిందికి దిగాను. నోరు తెరిచేలోపే ఆయన లేచి, "రామ్మా, ఇంతసేపా? ఈడ కూర్చో," అని కుర్చీ లాగాడు. లక్ష్మీదేవక్క బొరుగుల ఉగ్గాని పళ్లెం చేతిలో పెట్టింది. ఉగ్గాని తింటూ సౌండు తగ్గించమని ఎలా చెబుతాం? కూర్చున్నాను. అట్లా కూర్చున్నదాన్ని ఇప్పటికీ లేవలేదు.

ఆ గదిలో నాకంటే ముందే ఇద్దరున్నారు. పెనుకొండ నుంచి బస్సులో వచ్చే వెంకటేశులు సార్, రిటైరైన సోషల్ మాస్టారు. హిందూపురం నుంచి వచ్చే మంజునాథ, మోటారు సామాన్ల కోసం బెంగళూరు పోయినప్పుడల్లా పాత వస్తువుల సంతలో రికార్డులు వెతికి తెచ్చేవాడు. వాళ్లకొక ఆచారం ఉండేది. రికార్డు ఒక వైపు పూర్తయ్యే వరకు ఎవరూ మాట్లాడరు. అయ్యాక ఒక్కొక్కరూ తమకేం వినబడిందో చెప్పాలి. 'బాగుంది' అనే మాట మాత్రం నిషిద్ధం. "బాగుంది అనేది చీర కొననోళ్ల మాటమ్మా," అనేవాడు భూషణన్న. "కొనేటోళ్లు అంచు గురించి మాట్లాడతారు, కొంగు గురించి మాట్లాడతారు. బాగుంది అని లేసినారంటే మళ్ల రారని అర్థం."

పెద్దవాళ్లు ముందు, కొత్తవాళ్లు చివర. ఆ రోజు శాక్సఫోన్ రికార్డు. సార్ ఏదో పెద్ద మాట చెప్పారు, మంజునాథ తలూపాడు, నా వంతు వచ్చింది. "నాకేం తెలుసన్నా," అన్నాను. "తెలిసింది అడగలా. వినబడింది అడిగినా," అన్నాడు భూషణన్న. "ఎవరో తరుముతుంటే ఊపిరి తీసుకోకుండా పోతున్నట్టుందన్నా. గొంతు కూడా ఎక్కడో పైకెత్తి పెట్టినట్టుంది," అన్నాను. వెంకటేశులు సార్ చిరునవ్వు నవ్వారు. "జాజ్ అంటే అదే అమ్మాయ్. పట్నం బతుకు. పరుగే దాని ప్రాణం," అని మొదలుపెట్టి, ఉగ్గాని చల్లారేదాకా ఆగలేదు. భూషణన్న నా వైపు ఒకసారి, ప్లేయర్ వైపు ఒకసారి చూసి, రికార్డు తిప్పి పెట్టాడు.

నా సంగతి కూడా ఇక్కడ చెప్పాలి. అప్పట్లో నాకు నా మాట మీద నమ్మకం ఉండేది కాదు. మీటింగుల్లో ఒకటి అనుకుని పోయేదాన్ని, పెద్దవాళ్లెవరైనా ఇంకోటి అనగానే నేనూ అదే అనుకున్నానని నన్ను నేనే నమ్మించుకునేదాన్ని. గాలి ఎటు వీస్తే అటే తూర్పారబట్టే రకం. ఆ గదిలోనూ అదే జరిగింది. కొన్నాళ్లకు ఆ పరుగులోనే అందముందని నేను కూడా చెప్పడం నేర్చుకున్నాను. బాగా చెప్పేదాన్ని కూడా. వెంకటేశులు సార్ తన విద్యార్థిని చూసినట్టు మురిసిపోయేవారు.

అలా ఏళ్లు గడిచాక మంజునాథ తన ఇంటికి కొత్త ప్లేయర్ కొనుక్కున్నాడు. మరుసటి ఆదివారం మొహం వేలాడేసుకుని వచ్చాడు. "మోసపోతినన్నా. కొత్త మిషను నీరసంగా తిరుగుతాండాది. పాటంతా నిద్రమొహం," అన్నాడు. మేమందరం జాలిపడ్డాం. కొన్నచోటే వెనక్కిచ్చి ఇంకొకటి తెచ్చుకోమన్నాం. తెచ్చుకున్నాడు. అదీ అంతే. ఈ కాలం సరుకే ఇంత అని సార్ ఒక ఆదివారమంతా బాధపడ్డారు. చివరికి ఆ మిషన్ని ధర్మవరానికి తెమ్మన్నాడు భూషణన్న, మన దాంట్లో ఎట్లా తిరగాలో చూపిస్తే దానికి బుద్ధొస్తుందేమో అని.

మంజునాథ మిషనుతో పాటు, నేను మొదటి రోజు విన్న శాక్సఫోన్ రికార్డు ఇంకో కాపీ కూడా పట్టుకొచ్చాడు. రెండూ పక్కపక్కన పెట్టి ఒకేసారి సూదులు దించాం. రెండడుగులు వేసేలోపే రెండూ విడిపోయాయి. మాది ముందు పరిగెత్తింది, కొత్తది వెనక నడిచొచ్చింది. మాది ఆగిపోయాక కూడా అది పాడుతూనే ఉంది. "చూసినారా, ఎంత మొద్దుదో," అన్నాడు మంజునాథ. అప్పుడు భూషణన్న రికార్డు అట్టను కిటికీ దగ్గరికి తీసుకుపోయాడు. ప్రతి పాట పక్కనా అది ఎంతసేపో అచ్చువేసి ఉంది. ఆ అట్ట మేమంతా ఎన్నిసార్లు చదివామో లెక్కలేదు. "సార్, మీ గడియారం చూడండి," అన్నాడు. కొత్త మిషన్లో మళ్లీ పెట్టాం. పాట అట్ట మీద రాసినంతసేపే పాడింది. తర్వాత మాది పెట్టాం. అంతకంటే ముందే అయిపోయింది.

భూషణన్న మా మిషన్లో రికార్డు తిరిగే పళ్లెం ఎత్తాడు. కింద బెల్టును తిప్పే మోటారు పుల్లీకి పసుపుపచ్చ పట్టుదారం దట్టంగా చుట్టి ఉంది. బెంగళూరు నుంచి తెచ్చినప్పుడే బెల్టు జారుతుంటే, జారకుండా ఆయనే చుట్టాడు. చుట్టిన సంగతి ఆయనకే గుర్తు లేదు. దారంతో పుల్లీ లావైంది, లావైన కొద్దీ పళ్లెం వేగంగా తిరిగింది, పాటకు పరుగొచ్చింది, గొంతు పైకెక్కింది. "ఏం జేస్తాం, మగ్గమోళ్ల బుద్ధి," అన్నాడు. "యాడ జారినా దారం చుట్టడమే తెలుసు మనకు."

వెంకటేశులు సార్ కుర్చీలో కూలబడ్డారు. పట్నం బతుకు, పరుగు, ప్రాణం, అన్నీ ఒక దారప్పోగు పనేనని తేలింది. "ఇన్నేళ్లూ తప్పు విన్నామప్పా," అన్నారు. భూషణన్న తల అడ్డంగా ఊపాడు. "మనం తప్పు విన్లేదు సార్. సరిగ్గానే విన్నాం. విన్నదాన్ని నమ్మకపోతిమి, అంతే." వేలు నా వైపు చూపించాడు. "ఈయమ్మ వచ్చిన మొదటి రోజే చెప్పింది. ఎవరో తరుముతాండారు, గొంతు పైన పెట్టినారు అని. దీనికి మందు ఆ రోజే దొరికింది మనకు. మనమే ఆయమ్మకు సర్దిచెప్పి కూర్చోబెడితిమి."

ఆ మాట నాకే గుర్తు లేదు. ఆయన దాచిపెట్టాడు. కళ్లల్లో నీళ్లు తిరిగాయి, సిగ్గుపడి ఉగ్గాని పళ్లెంలోకి చూస్తూ కూర్చున్నాను. నా నోటి నుంచి వచ్చిన ఒక మాటను అన్నేళ్లు పదిలంగా మోసిన మనిషి అంతకుముందు నాకు లేడు.

ఆయన అక్కడే కూర్చుని, నేతగాడి వేళ్లతో దారం కొస పట్టుకుని, తెగకుండా విప్పేశాడు. జారే బెల్టు మార్చే పని తనదన్నాడు మంజునాథ, తన మిషనుకు క్షమాపణ కూడా చెప్పుకున్నాడు. "ఏడుస్తారేం సార్? పెట్టెడు రికార్డులూ ఈ రోజు కొత్తవైపోయినాయి. మొదటి నుంచి విందాం పట్టండి," అన్నాడు భూషణన్న. నిజంగానే మొదటి నుంచీ విన్నాం. నెలల తరబడి పండగే. బాకా ఆయన ఇంకా నవ్వుతూనే ఉన్నాడు, కాకపోతే ఇప్పుడు తీరుబడిగా, కడుపు నిండినవాడిలా నవ్వాడు. ఆచారం ఒక్కటి మారింది. అప్పటి నుంచి కొత్తగా వచ్చినవాళ్లే ముందు మాట్లాడాలి. వాళ్లేదైనా తేడాగా ఉందంటే, వివరించే ముందు లేచి మిషను చూడాలి.

ఆ ఆచారాన్ని నేను కనగానపల్లికి మోసుకుపోయాను. ఒక రైతు తన వేరుశనగ చేను చూపించి, "ఎందుకో చేను అలిగినట్టుండాది మేడం," అన్నాడు. ఎండలకు అట్లాగే ఉంటుందని చెప్పడానికి నాకు చదువంతా సిద్ధంగా ఉంది. నోరు మూసుకుని వంగి ఒక మొక్క పీకి చూశాను. వేరుపురుగు పట్టి ఉంది. చాలావరకు చేను దక్కింది. పైవాళ్లు నీకెట్లా తెలిసిందని అడిగితే, రైతు చెప్పాడు, నేను చూశాను అన్నాను. అంత మాట పెద్దవాళ్ల ముందు తడబడకుండా చెప్పింది అదే మొదలు.

భూషణన్న పోయిన ఎండాకాలం కాలం చేశాడు. గది తాళం లక్ష్మీదేవక్క దగ్గరే ఉంటుంది, ఆదివారం పొద్దున తెరిచే ఉంటుంది. ఈ రోజు వేయించిన విత్తనాలు తీసుకుని పోయేసరికి ఆమె ఉగ్గాని పంచిపెట్టి, ఎప్పటిలా వంటింట్లోకి పోకుండా ఆయన కుర్చీలో కూర్చుంది. "నేనూ వింటా," అంది. ఇన్నేళ్లలో అదే మొదటిసారి. బాకా రికార్డు పెట్టాం. కాసేపటికి, పాట మధ్యలోనే ఆమె చెయ్యెత్తింది. ఒక వైపు అయ్యేదాకా మాట్లాడకూడదని ఆమెకు ఎవరం చెప్పలేదు.

"లోపల ఎవరో చాప గీకినట్టుండాది. మా ఆయప్ప పెట్టినప్పుడు వంటింట్లోకి ఇట్లా రాలేదే."

పాత రికార్డులన్నాక అట్లాగే ఉంటాయని చెప్పడానికి వెంకటేశులు సార్ నోరు తెరిచారు. తెరిచి, ఆగి, నా వైపు చూశారు. నేను అప్పటికే లేచాను. సూది మొనకు సన్నటి పట్టుపీచు ఒకటి చుట్టుకుని ఉంది. తీసి పక్కన పెట్టి, "ఇప్పుడు వినక్కా," అని మొదటి నుంచి పెట్టాను.