పెద్దమ్మ అడిగిన పెరుగు తోడు

మా పక్కింటి పెద్దమ్మ పోయిన బుధవారం పొద్దున కన్నుమూసింది. ప్రభుత్వాసుపత్రిలో నర్సుగా చేసి రిటైరైన మనిషి. లాల్‌దర్వాజాలోని మా గల్లీలో ఆమె తొక్కని గడప లేదు. వార్త వినగానే నాకు ముందుగా గుర్తొచ్చినవి ఆమె ప్రశ్నలు. బండి మీద వంకాయలు ఏ ఊరివో, మా ఆయన ఆఫీసులో ఏం పని చేస్తాడో, అన్నీ ఆమెకు కావాలి. జవాబు వచ్చేదాకా ఓపికగా నిలబడేది.

ఆమె గురించి నాకూ ఒక ప్రశ్న ఉండేది. ఎదురింట్లో ఓ యువ జంట అద్దెకు దిగాక, పెద్దమ్మ రోజూ గిన్నె పట్టుకుని పెరుగు తోడు కోసం అక్కడికే వెళ్లేది. ఆమె ఇంట్లో పెరుగుకు కొదవ లేదు. ఒకరోజు ఉండబట్టలేక అడిగేశాను.

"తోడు కోసం గాదు, ఆ పిల్లను జూసొద్దామని. గిన్నె పట్టుకపోతే మొగడు ఏమనడు. మొన్న ఆమె చెయ్యి పైకి లేస్తలేకుండె. గసొంటి దెబ్బలు తిన్న చేతులు దవాఖానల మస్తు జూసిన."

"పోలీసులకు చెప్దామా?"

"ముందుగాల ఆమెను అడగాలె. బతుకు ఆమెది గదా."

అడిగింది. ఆ అమ్మాయి చాలా రోజులు మాట దాటేసింది. పెద్దమ్మ విసుక్కోకుండా వెళ్లి వస్తూనే ఉంది. ఒక మధ్యాహ్నం నేను పెద్దమ్మ ఇంట్లో ఉండగా ఆ అమ్మాయే వచ్చింది. పెదవి చిట్లి ఉంది. పెద్దమ్మ మంచినీళ్లిచ్చి, గాయం తుడిచింది.

"ఇల్లిడిసి యాడికి పోవాలె పెద్దమ్మా? నాకు ఎవలున్నరు?"

"నువ్వెందుకు పోతవ్ బిడ్డా? గా ఇంట్ల ఉండే హక్కు నీకు గూడ ఉన్నది."

ఆ మాట నాకూ కొత్తే. పెద్దమ్మ మహిళల హెల్ప్‌లైన్‌కు ఫోన్ కలిపి ఆమె చేతికిచ్చింది. "నువ్వే మాట్లాడు. నేను పక్కనే ఉంట."

మర్నాడు ఆటోలో మహిళా సహాయ కేంద్రానికి వెళ్లాం. పోలీస్ స్టేషన్‌లా ఉంటుందనుకున్నాను. ఒక కౌన్సెలర్, ఫీజు అడగని లాయరు, గాయాలు చూసే డాక్టరు, ఇంటికి వెళ్లలేనివాళ్లకు కొన్నాళ్లు ఉండటానికి మంచాలు కనిపించాయి. పెద్దమ్మ అక్కడా ఊరుకోలేదు. "అన్నం ఎవలు వండుతరు? తలుపుకు లోపలికెల్లి గొళ్లెం ఉన్నదా?" కౌన్సెలర్ నవ్వి గొళ్లెం వేసి చూపించింది. కోర్టులో కేసు వేసి, తీర్పు వచ్చేదాకా అక్కడే ఉంటానంది ఆ అమ్మాయి.

గృహహింస కేసులు చూసే రక్షణ అధికారి ఆ అమ్మాయి చెప్పిందంతా రాసుకుని కోర్టు ముందు పెట్టింది. కొన్ని వాయిదాల తర్వాత, భర్త ఆ ఇంట్లో అడుగు పెట్టకూడదని, ఆమె ఖర్చులకు డబ్బు ఇవ్వాలని కోర్టు ఆదేశించింది. ఒకసారి గల్లీ మొదట్లో నిలబడి అతను లొల్లి చేశాడు. ఆ అమ్మాయి తనే పోలీసులకు ఫోన్ చేసింది. అతను మళ్లీ రాలేదు.

బుధవారం చావింటికి వచ్చినవాళ్లందరికీ చాయ్ అందించింది ఆ అమ్మాయే. ఇప్పుడామె ఒక బట్టల షాపులో పని చేస్తోంది.

కానీ నా కళ్లల్లో ఉండిపోయింది, ఆమె తన ఇంటికి తిరిగొచ్చిన రోజు సాయంత్రం. తలంటుకుని, జుట్టు ఆరబెట్టుకుంటూ గడప మీద కూర్చుంది. పక్కనే పెద్దమ్మ.

"ఇప్పుడేం జేద్దామనుకుంటున్నవ్?"

"తెల్వది పెద్దమ్మా."

"మంచిదే. కూసో, నిమ్మలంగ ఆలోచించు."

బోనాలకని గల్లీ అంతా రంగురంగుల బల్బుల తీగలు కడుతున్నారు. ఏ రంగు ముందు వెలుగుతుందో చూద్దామని ఇద్దరూ తలలెత్తి కూర్చున్నారు.